మూడో టర్బోను ఆపిన నీటి గొట్టం

టర్బో (ఇంజిన్ పొగ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) నుంచి ఆయిల్ కారుతోందని బండి వస్తే టర్బో మార్చడం మా వృత్తిలో అలవాటైపోయింది. మార్చినది కూడా కారితే సరుకు మంచిది కాదంటాం గాని, మన నిర్ధారణే తప్పేమోనని ఆలోచించం. ఇక్కడ చెప్పబోయే బస్సు విషయంలో మొదటి విడతలో నేనూ పొరబడ్డాను. ఎక్కడ, ఎందుకు పొరబడ్డానో ఉన్నదున్నట్టు రాస్తే ఇదే పనిలో ఉన్నవారికి ఒక టర్బో ఖర్చయినా మిగులుతుందని నా ఆశ. యజమాని ఎవరో, డ్రైవరు ఎవరో, అంతకుముందు ఏ గ్యారేజీలో పని జరిగిందో చెప్పడం లేదు. బస్సు ఏ కంపెనీదో కూడా అవసరం లేదు. గాలి బ్రేకులు, టర్బో ఉన్న ఏ పాత బండికైనా ఈ బాధ రావచ్చు.

బండి, దాని దినచర్య

మా షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. బస్సు 2009లో రిజిస్టర్ అయినది, బీఎస్-2 (పాత పొగ నిబంధన) కాలపు ఇంజిన్. ఆరు సిలిండర్లు, ఆరు లీటర్లకు కాస్త తక్కువ. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. డీజిల్ పంపు మెకానికల్ రకం, ఇంజిన్ ఆపాలంటే క్యాబిన్‌లో తీగ లాగాలి. టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కంపెనీ నుంచే వచ్చాయి. ఇప్పటి యజమాని దీన్ని మూడో చేతి మీద కొన్నారు. ఆయనకున్నవి రెండే బస్సులు. వారమంతా ఒక పారిశ్రామికవాడకు ఉద్యోగులను చేరవేస్తుంది, శని ఆదివారాల్లో ఎక్కువగా శ్రీశైలం యాత్రలకు వెళ్తుంది. అంటే ఐదు రోజులు పట్టణంలో ఆగుతూ సాగే ప్రయాణం, రెండు రోజులు నల్లమల ఘాట్. ఈ వివరం తర్వాత పనికొచ్చింది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఫిర్యాదు

టర్బో కింద ఆయిల్ కారి ఇంజిన్ పక్క భాగమంతా నల్లగా తడిసి ఉంది. సైలెన్సర్ నుంచి నీలి పొగ. వారానికి మూడు లీటర్ల ఆయిల్ పోయాల్సి వస్తోంది. ఏడాదిలో రెండు టర్బోలు మారాయి. పాతది తీసి కొత్తది వేస్తే రెండు నెలల్లో కారింది. సరుకు బాగాలేదని ఇంకొకటి వేస్తే మూడు వారాలకే మొదలైంది. మరో మెకానిక్ చూసి, ఇంజిన్ బోరుకు వచ్చిందని (సిలిండర్లు అరిగాయని), దింపి బాగుచేయాల్సిందేనని చెప్పారట.

యజమాని డబ్బు సర్దుకునే వచ్చారు. "మేస్త్రీ గారూ, మూడో టర్బో కొనమంటారా, ఇంజిన్ దింపమంటారా? ఏదో ఒకటి చెప్పండి" అన్నారు. ఆ రెండూ కాకుండా మూడో దారి ఉండవచ్చన్న ఊహ కూడా ఆయనకు ఎవరూ కలిగించలేదు. అది నాకు బాధ కలిగించింది.

డ్రైవరు నాకంటే పెద్దాయన, పదకొండేళ్లుగా ఇదే బండి మీద ఉన్నారు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టి అడిగాను. మూడు మాటలు చెప్పారు. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే పొగ దాదాపు ఉండదు. ఘాట్ దిగి దోర్నాల దగ్గర చదును రోడ్డు ఎక్కి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక వచ్చే బండి కనబడనంత పొగ. మూడోది ఆయన లేచి వెళ్తూ చెప్పారు: "పొద్దున్నే గాలి ట్యాంకుల కాక్ తిప్పితే నీళ్లతో పాటు నల్లగా ఆయిల్ కూడా వస్తోందండీ, అది కూడా ఒకసారి చూడండి."

మొదటి రెండింటినీ జాబ్ కార్డులో టర్బో కింద రాశాను. మూడోదాన్ని బ్రేకుల పని కింద రాసి, తర్వాత చూద్దామని పక్కన పెట్టాను. ఈ కేసులో జరిగిన ఆలస్యమంతా ఆ ఒక్క గీత దగ్గరే మొదలైంది.

టర్బోలో ఆయిల్ ఎలా నిలుస్తుంది

ఇది తెలియకపోతే తర్వాతి నిర్ణయాలు అర్థం కావు. టర్బోలో ఒకే షాఫ్టుకు ఒక కొసన పొగ తిప్పే టర్బైన్ చక్రం, రెండో కొసన గాలి నెట్టే కంప్రెసర్ చక్రం ఉంటాయి. ఆ షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఈ రకం టర్బోలో బాల్ బేరింగులు కాదు, పలచని ఆయిల్ పొర మీద తేలే బుష్‌లే దానికి ఆధారం. సన్నని పైపు ద్వారా ఆయిల్ ఒత్తిడితో లోపలికి వస్తుంది. తన పని అయ్యాక గాలితో కలిసి నురుగై, కింద ఉన్న లావు పైపు (రిటర్న్ పైపు) ద్వారా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి జారిపోతుంది. జారిపోతుంది అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఆ ఆయిల్‌ను కిందికి తోసే పంపు ఏదీ లేదు, బరువుతో దిగాల్సిందే.

షాఫ్టు రెండు చివర్లా ఉన్నవి రబ్బరు సీళ్లు కావు. పిస్టన్ రింగులాంటి సన్నని ఇనుప రింగులు. నిండా నిలిచిన ఆయిల్‌ను అవి ఆపలేవు, ఆపడానికి చేసినవీ కావు. టర్బో చక్రాల వెనక ఉండే గాలి, పొగల ఒత్తిడి బయటి నుంచి నెడుతుంటే, లోపల ఆయిల్ ఎప్పటికప్పుడు దిగిపోతుంటే, అప్పుడే అవి కాపలా కాస్తాయి. కింద దారి ఇరుకైనా, సంపులో గాలి ఒత్తిడి పెరిగి పైకి ఎదురు నెట్టినా ఆయిల్ మధ్య గదిలో నిండుతుంది. నిండినది రెండు పక్కలకూ పొర్లుతుంది. వాకిట్లో తూము మూసుకుపోతే నీళ్లు ఇంట్లోకి వచ్చినట్టే. అప్పుడు గుమ్మం మార్చి లాభం లేదు.

మొదటి విడత

ముందు ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలి. సైలెన్సర్ పైపు విప్పితే టర్బైన్ బయటికి వచ్చే వైపు తడిగా, జిగురుగా ఉంది. టర్బోను మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగ వచ్చి చేరే గొట్టం) నుంచి విడదీసి టర్బైన్‌లోకి వెళ్లే నోరు చూస్తే పొడి మసి మాత్రమే ఉంది. చాలామంది ఈ రెండో చోటు చూడరు. ఇంజిన్ రింగులు గాని, వాల్వ్ గైడ్‌లు గాని ఆయిల్ వదులుతుంటే మేనిఫోల్డే తడవాలి. లోపలికి వెళ్లే నోరు పొడిగా ఉండి బయటి నోరు తడిగా ఉందంటే ఆయిల్ టర్బో మధ్య నుంచే వస్తోంది. దీంతో ఇంజిన్ దింపాలన్న సలహా మీద నాకు నమ్మకం సగం పోయింది.

తర్వాత సన్నని కదలికను కొలిచే డయల్ గేజ్ పెట్టాను. షాఫ్టు ముందుకు వెనక్కి ఆట 0.06 మిల్లీమీటర్లు, పక్కల ఆట 0.42. రెండూ ఆ టర్బో మాన్యువల్ ఇచ్చిన హద్దులోపలే ఉన్నాయి. ఇక్కడొక మాట చెప్పాలి. ఆయిల్ లేకుండా వేళ్లతో పక్కలకు కదిపితే తేలే బుష్‌ల టర్బో కొత్తదైనా కదులుతుంది. ఆ కదలిక చూపించి "బేరింగ్ పోయింది" అని చెప్పడం వల్ల ఎన్ని మంచి టర్బోలు తుక్కు కొట్లకు చేరాయో. చక్రాల రెక్కలు గూడుకు ఎక్కడా రాసుకోలేదు. టర్బో బాగుంది. యజమాని గోనెసంచిలో దాచిన మునుపటి టర్బోను కూడా తెప్పించి విప్పాం. అది కూడా బాగానే ఉంది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

అయితే కింద దారి ఎలా ఉంది? రిటర్న్ పైపు విప్పగానే కారణం దొరికిందనుకున్నాను. ఫ్లాంజి (పైపు బిగించే అంచు) దగ్గర గ్యాస్కెట్‌తో పాటు సిలికాన్ జిగురు కూడా దట్టంగా పూశారు. బిగించినప్పుడు లోపలికి ఉబ్బిన సిలికాన్ పైపు నోటిని దాదాపు మూడో వంతు మూసింది. వేలితో లాగితే చింతపండు పిప్పిలా ముద్దగా ఊడి వచ్చింది. దానికి తోడు సంపులో ఆయిల్ గేజి కడ్డీ పై గీతకు బాగా పైన ఉంది. ఎలాగూ తగ్గుతుంది కదా అని డ్రైవరు ముందే ఎక్కువ పోస్తున్నారు. ఆయిల్ మట్టం పెరిగితే రిటర్న్ పైపు దిగే దారి ఇంకా కష్టమవుతుంది.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర నీటి మట్టం లెక్కలో కొలిచి చూస్తే పూర్తి వేగంలో పీల్పు 700 మిల్లీమీటర్లు దాటింది. టర్బో ఇంజిన్లకు సాధారణంగా చెప్పే హద్దు 25 అంగుళాలు, అంటే 635 మిల్లీమీటర్లు. ఫిల్టర్ అంతగా మూసుకుపోతే కంప్రెసర్ చక్రం ముందు శూన్యం పెరిగి ఆయిల్‌ను ఆ వైపు లాగుతుంది. ఫిల్టర్ మార్చాం, సిలికాన్ తీసి కొత్త గ్యాస్కెట్ ఒక్కటే పెట్టాం, ఆయిల్ మట్టం గీత దగ్గరికి తెచ్చాం.

ఇక సంపు ఒత్తిడి. ఇంజిన్ ఇరవై నిమిషాలు తిప్పి వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి బోర్లా పెట్టి చూశాను. పిస్టన్ రింగులు పోతే ఆ మూత ఎగిరి పడుతుంది. ఇక్కడ కొంచెం వణికింది, అంతే. సంపులోని గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపులోకి గాలి కొడితే అవతల నుంచి వచ్చింది. బాగుందని రాశాను. అదే టర్బోను తిరిగి బిగించి బండి అప్పగించాం.

తొమ్మిదో రోజున డ్రైవరు ఫోను చేశారు. పట్టణంలో తిరిగినన్నాళ్లు బాగానే ఉందట. శ్రీశైలం వెళ్లి వచ్చారు. ఘాట్ దిగాక మళ్లీ అదే పొగ.

ఎందుకు విఫలమైంది

మేం తీసిన తప్పులన్నీ నిజమైన తప్పులే. సిలికాన్ అబద్ధం కాదు, ఫిల్టర్ అబద్ధం కాదు. అందువల్లే పరిస్థితి కొంత మెరుగుపడింది, అందువల్లే మొత్తం కారణం అవేనని నమ్మాను. రెండోసారి బండి వచ్చినప్పుడు కొత్తగా ఏదీ విప్పకుండా ముందు ఒక ప్రశ్న దగ్గర కూర్చున్నాను: ఘాట్ దిగేటప్పుడు బస్సులో ఏం మారుతుంది?

దిగేటప్పుడు ఇంజిన్ మీద భారం ఉండదు, పొగ గొట్టంలో వేడి తగ్గుతుంది, టర్బో నెమ్మదిస్తుంది. టర్బో చక్రాల వెనక ఒత్తిడి పడిపోతుంది కాబట్టి సీళ్లు బలహీనపడే సమయం అదే. అప్పుడు కారిన ఆయిల్ సైలెన్సర్‌లో చేరి, చదును రోడ్డు మీద వేడెక్కగానే పొగగా బయటికి వస్తుంది. ఇంతవరకు లెక్క సరిపోయింది. కానీ ఆరోగ్యంగా ఉన్న టర్బో ఎంత నెమ్మదించినా కారదు. నిలబడి ఖాళీగా తిరిగే బండ్లన్నీ కారడం లేదు కదా. దిగేటప్పుడు సంపులో ఇంకేదో పెరుగుతూ ఉండాలి. మూత పరీక్షలో అది నాకు కనబడలేదు.

మూతను నమ్మకుండా కొలవాలనుకున్నాను. తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం రెండు మీటర్లు తెచ్చి, 'యు' ఆకారంలో వంచి చెక్కకు కట్టి, మధ్యలో స్కేలు బిగించాం. నీళ్లలో ఒక చుక్క ఎర్ర సిరా. ఒక కొసను గేజి కడ్డీ పైపుకు గాలి పోకుండా తొడిగి, రెండో కొసను గాలికి వదిలాం. రెండు నీటి మట్టాల మధ్య తేడాయే సంపు ఒత్తిడి.

1,500 చుట్ల దగ్గర 45 మిల్లీమీటర్లు చూపించింది. కొంచెం ఎక్కువే, కానీ భయపడాల్సింది కాదు. మళ్లీ అదే సందిగ్ధం. నేను చెక్క ముందు కూర్చుని ఉండగా, మా కుర్రవాడు బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా అని చూడటానికి పెడల్ తొక్కుతూ వదులుతూ ఉన్నాడు. ఏడెనిమిది తొక్కులయ్యాక ఎర్రనీరు కదిలింది. ఒక పక్క దిగుతూ ఇంకో పక్క ఎక్కుతూ 70, 90, చివరకు 110 దాకా వెళ్లి అక్కడ సన్నగా వణుకుతూ నిలిచింది. ఇంజిన్ శబ్దంలో మార్పు లేదు, చుట్లు అవే. అర నిమిషం తర్వాత కింద అన్‌లోడర్ వాల్వ్ బుస్సుమంది. ఆ శబ్దంతో పాటే నీరు జారి 45కు వచ్చేసింది.

డ్రైవరు చెప్పిన మూడో మాట అప్పుడు గుర్తొచ్చింది.

గాలి ట్యాంకులు నిండాక అన్‌లోడర్ గాలిని బయటికి వదిలేస్తుంది, బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెసర్ (టర్బోలోని కంప్రెసర్ చక్రం వేరు) ఉత్తినే తిరుగుతుంది. బ్రేకులు తొక్కి ట్యాంకుల్లో గాలి తగ్గితే కంప్రెసర్ మళ్లీ భారం ఎత్తుకుని ఏడెనిమిది కిలోల ఒత్తిడికి గాలిని నొక్కుతుంది. ఈ కంప్రెసర్‌కు ఆయిల్ వచ్చేది ఇంజిన్ నుంచే, తిరిగి పోయేదీ ఇంజిన్ లోపలికే. దాని పిస్టన్ రింగులు అరిగితే పైన ఆయిల్ ట్యాంకుల్లోకి పోతుంది, కింద నొక్కిన గాలి ఇంజిన్ సంపులోకి పోతుంది. ఈ కంప్రెసర్ సిలిండర్ సుమారు 225 సి.సి., ఇంజిన్‌తో సమానంగా తిరిగే రకం. 1,200 చుట్ల దగ్గర నిమిషానికి 270 లీటర్ల గాలి పీల్చాలి. అందులో పదో వంతు కిందికి జారినా సంపులోకి నిమిషానికి 27 లీటర్ల అదనపు గాలి.

మొదటి విడతలో ఇది ఎందుకు కనబడలేదో కూడా తేలింది. ఇరవై నిమిషాలు ఇంజిన్ తిప్పాక మూత తీశాను. అప్పటికి ట్యాంకులు నిండి కంప్రెసర్ విశ్రాంతిలో ఉంది. జబ్బు నిద్రపోతున్న వేళలో నేను నాడి చూశాను. ఘాట్ మీద మాత్రం బ్రేకులు విడవకుండా పడుతుంటాయి, కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు. టర్బో సీళ్లు బలహీనంగా ఉండే సమయం, సంపు ఒత్తిడి పెరిగే సమయం ఒకటే అయ్యాయి.

నమ్మే ముందు విడదీసి చూడటం

ఒక్కసారి కనబడినదాన్ని కారణమనడం సరికాదు. ట్యాంకులు నింపడం, బ్రేకులతో ఖాళీ చేయడం మూడుసార్లు చేశాం. మూడుసార్లూ నీరు అలాగే ఎక్కి దిగింది. తర్వాత చక్రాలకు దిమ్మలు వేసి, కంప్రెసర్ తల మీది డెలివరీ పైపు విప్పేశాం. ఇప్పుడు కంప్రెసర్ ఏ ఒత్తిడికీ ఎదురు నొక్కదు. ఎంతసేపు తిప్పినా 45 దాటలేదు. అంటే అదనంగా వచ్చిన 65 కంప్రెసర్‌దే.

మరి మిగిలిన 45? బ్రీదర్‌ను ఈసారి ఇంజిన్ నుంచి పూర్తిగా విప్పాం. లోపలి తీగ జల్లెడ తారులాంటి మడ్డితో నిండి ఉంది, ఒక మూల మాత్రం ఖాళీ. నేను కొట్టిన గాలి ఆ మూల నుంచి పోయింది! గాలి పోతోందా అని చూడటం వేరు, ఎంత పోతోందో చూడటం వేరు. జల్లెడను కిరోసిన్‌లో నానబెట్టి కడిగి బిగిస్తే 45 కాస్తా 15 అయింది. 15 మాత్రమే ఉందంటే ఇంజిన్ రింగులు ఆరోగ్యంగా ఉన్నాయి. ఇంజిన్ దింపే మాట అక్కడితో ముగిసింది.

డెలివరీ పైపు మళ్లీ కలిపి, కంప్రెసర్ భారం మీద ఉండగా చూస్తే 60. యజమాని ఇది చూసి న్యాయమైన ప్రశ్నే అడిగారు: "110 కాస్తా 60కి వచ్చింది కదా, దీనితో సరిపెట్టుకోకూడదా?" టర్బో వరకు చూస్తే కొన్నాళ్లు సరిపోవచ్చు. కానీ ఆ గాలి మోసుకొచ్చే ఆయిల్ ఆవిరి జల్లెడను మళ్లీ పూడుస్తుంది, ఆరు నెలల్లో ఇక్కడే ఉంటాం. అంతకంటే ముఖ్యమైనది ట్యాంకుల్లో చేరుతున్న ఆయిల్. బ్రేకు వాల్వుల్లోని రబ్బరు భాగాలను అది ఉబ్బించి పాడుచేస్తుంది. యాభై మందిని ఎక్కించుకుని నల్లమల ఘాట్ దిగే బండి ఇది. ఆ బ్రేకులను అలా వదిలేసి టర్బో బాగుందని చెప్పి పంపడం నావల్ల కాదన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

కంప్రెసర్ ఎందుకు అరిగింది

తల విప్పితే సిలిండర్ గోడ మీద నిలువు గీతలు, గోటికి తగిలేంత లోతు. రింగును బోరులో పెట్టి ఫీలర్ గేజ్‌తో సందు చూస్తే 1.8 మిల్లీమీటర్లు. ఇంత గ్యాప్ ఉంటే రింగు ఉన్నా లేనట్టే. నిలువు గీతలు దుమ్ము గుర్తు. కంప్రెసర్ పీల్చే గాలి ఫిల్టర్ దాటిన చోటు నుంచి ఒక చిన్న రబ్బరు హోస్ ద్వారా రావాలి. ఆ హోస్ పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. అద్దం పెట్టి కింది వైపు చూస్తే క్లిప్పు పక్కన రెండంగుళాల చీలిక. ఇన్నాళ్లూ రోడ్డు దుమ్మును నేరుగా పీల్చింది.

దుమ్ముతో పాటు విశ్రాంతి లేకపోవడం కూడా ఉంది. ట్యాంకులు నింపి ఇంజిన్ ఆపి, జాయింట్లన్నిటికీ సబ్బు నురుగు పూసుకుంటూ వెళ్లాం. వెనక ఎడమ చక్రం బ్రేకు చాంబర్ దగ్గర, పెడల్ తొక్కి పట్టినప్పుడు, నురుగు పొంగింది. డయాఫ్రమ్‌లో (లోపలి రబ్బరు పొరలో) సన్నని చిల్లు. ఆ గాలిని భర్తీ చేయడానికి కంప్రెసర్ అవసరానికి మించి పనిచేస్తూ వచ్చింది. చీలిన హోస్ దుమ్ము తెచ్చింది, చిల్లు పడిన డయాఫ్రమ్ పని పెంచింది, రింగులు అరిగి సంపులోకి గాలి వచ్చింది, మూసుకుపోయిన బ్రీదర్ ఆ గాలిని బయటికి పోనివ్వలేదు, సిలికాన్ దారిని ఇరుకు చేసింది. చివరికి నేరం టర్బో మీద పడింది.

చేసిన పని

కంప్రెసర్ మొత్తం కొత్తది వేయాలా, బాగుచేయాలా అన్నది చూశాం. క్రాంక్, బుష్‌లు బాగున్నాయి. బోరు అరుగుదల ఓవర్‌సైజు పిస్టన్‌కు సరిపోయే హద్దులో ఉంది. లేత్ షాపులో బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్, రింగులు, తలలోని వాల్వు పలకలు మార్చాం. డెలివరీ పైపు లోపల పేరుకున్న బొగ్గు గీకి శుభ్రం చేశాం, ఎందుకంటే పైపు ఇరుకైతే కంప్రెసర్ వేడెక్కి కొత్త రింగులనూ తినేస్తుంది. ఇన్‌లెట్ హోస్, డయాఫ్రమ్ కొత్తవి. ట్యాంకులు, గాలి పైపులు శుభ్రం చేసి, బ్రేకు వాల్వులు విప్పి రబ్బరు కిట్లు మార్చాం.

ఇంటర్‌కూలర్ విషయం విడిగా చెప్పాలి. మొదటి విడతలో దాన్ని దించలేదు, అది నా రెండో తప్పు. ఈసారి దించి వంపితే అర లీటరుకు పైగా ఆయిల్ వచ్చింది. కారడం ఆగిన తర్వాత కూడా ఇందులోని ఆయిల్ రోజుల తరబడి పొగ ఇస్తుంది, పని విఫలమైందని అందరూ అనుకుంటారు. పొగ ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. అక్కడ నిలిచిన ఆయిల్ ఒక్కసారిగా ఇంజిన్‌లోకి వెళ్తే డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా తాగి అదుపు తప్పి వేగం పెంచుకుంటుంది. తీగ లాగి డీజిల్ ఆపినా ఆగదు, గాలి ఆపితేనే ఆగుతుంది. అందుకే టర్బో కారే బండిని స్టార్ట్ చేసే ముందు గాలి నోటికి సరిపడే మందపాటి చెక్కపలక చేతికందేలా పెడతాం. చేయి గాని గుడ్డ గాని అడ్డం పెట్టకూడదని కుర్రవాళ్లకు ప్రతిసారీ చెబుతాను. ఇంటర్‌కూలర్‌ను కడిగి, తలకిందులుగా వేలాడదీసి ఒక రోజంతా ఆరనిచ్చాం.

టర్బో మాత్రం అదే. బిగించాక ఆయిల్ వచ్చే రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చేత్తో షాఫ్టు తిప్పాం. స్టాప్ తీగ లాగి పట్టుకుని, రిటర్న్ వైపు ఆయిల్ కనబడేదాకా సెల్ఫ్ కొట్టాం. ఆ తర్వాతే స్టార్ట్ చేసి మూడు నిమిషాలు నెమ్మదిగా తిప్పాం. పొడి బుష్‌ల మీద మొదటి పది సెకన్లు టర్బోకు ఏడాది అరుగుదలతో సమానమని నేను భావిస్తాను.

ఎర్రనీటి గొట్టం కట్టిన చెక్క మళ్లీ తగిలించాం. కంప్రెసర్ విశ్రాంతిలో 15, భారం మీద 18.

సైలెన్సర్‌లో ఇంకిన ఆయిల్ కాలిపోయేదాకా రెండు మూడు రోజులు పొగ ఉంటుందని డ్రైవరుకు ముందే చెప్పాను. టర్బో చుట్టూ శుభ్రంగా తుడిచి ముఖానికి రాసుకునే పౌడరు చల్లాం, ఎక్కడ చుక్క వచ్చినా తడి మచ్చ కనబడుతుంది. మూడు శ్రీశైలం ప్రయాణాల తర్వాత బండి వచ్చింది. పౌడరు మీద దుమ్ము పడింది గాని మచ్చ లేదు. 3,000 కిలోమీటర్లకు పోసిన ఆయిల్ లీటరు లోపే. ట్యాంకు కాక్ కింద తెల్లగుడ్డ పట్టి తిప్పితే నీటి తేమ తప్ప ఏమీ రాలేదు. "బాబాయ్, ఆ రోజు మీరు చెప్పిన మూడో మాటే మందు" అన్నాను. ఆయన ఆ గుడ్డను మడిచి క్యాబిన్‌లో పెట్టుకున్నారు. ఇప్పుడు వారానికోసారి అలాగే చూస్తున్నారట.

మా షెడ్డులో మారినవి

జాబ్ కార్డు మీద బ్రేకులు, ఇంజిన్, కరెంటు అని గళ్లు గీసి ఫిర్యాదులను విడివిడిగా రాసే పద్ధతి మానేశాం. డ్రైవరు చెప్పిన మాటలన్నీ చెప్పిన వరుసలోనే ఒక పేజీలో రాస్తున్నాం, ఏది దేనికి చెందుతుందో తేల్చేది తర్వాత. టర్బో ఫిర్యాదుతో ఏ బండి వచ్చినా స్పానర్ పెట్టే ముందు సంపు ఒత్తిడి రెండుసార్లు కొలుస్తాం, ట్యాంకులు నిండినప్పుడు ఒకసారి, పెడల్ తొక్కి ఖాళీ చేస్తూ ఒకసారి. దీనికి పట్టేది పావుగంట. రిటర్న్ ఫ్లాంజికి సిలికాన్ వాడటం పూర్తిగా నిషేధం.

మూడు వారాల తర్వాత ఒక లారీ ఇదే బాధతో వచ్చింది. మా కుర్రవాడు అప్పటికే కంప్రెసర్ విప్పడానికి సిద్ధమయ్యాడు. ముందు చెక్క తగిలించమన్నాను. రెండుసార్లూ 12 మాత్రమే వచ్చింది. రిటర్న్ పైపు శుభ్రంగా ఉంది, ఫిల్టర్ కొత్తది. టర్బో విప్పితే చక్రం రెక్కలు గూడుకు రాసుకుని అంచులు మెరుస్తున్నాయి, డయల్ గేజ్ ముల్లు హద్దు దాటింది. ఆ లారీకి టర్బోనే మార్చాం.